పోర్ట్ బ్లెయిర్‌లో పద్నాలుగు ముక్కల పాట

అండమాన్ వెళ్ళొచ్చానని చెబితే చాలు, ఎవరైనా ముందడిగే మాట ఒక్కటే, "సెల్యులర్ జైలు చూశారా?" అని. చూశానండీ. 1906లో కట్టడం పూర్తయిన ఆ జైలుకి అప్పట్లో ఏడు కొమ్మలుండేవి. ఇప్పుడు మూడే మిగిలాయి. ఆ గదుల్లో నిలబడితే నోట మాట రాదు. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు కనుక నేను మళ్ళీ రాయను. నేను చెప్పబోయేది మా చెల్లి ఇంటి వరండాలో రాత్రి రెండు గంటలకు జరిగిన సంగతి.

మా చెల్లిని పోర్ట్ బ్లెయిర్‌లో ఇచ్చాం. (2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరు శ్రీవిజయపురం అని మార్చారు. మా ఇంట్లో మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే.) ఆ ఊళ్ళో మనవాళ్ళు తక్కువేం కాదు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి చేపల వేటకీ, కూలి పనులకీ, ఉద్యోగాలకీ వెళ్ళి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు బోలెడున్నాయి. జంగ్లీఘాట్ వైపు వెళ్ళి చెవి ఒగ్గితే మన ఉత్తరాంధ్ర యాసే వినిపిస్తుంది. సంక్రాంతికి వాకిళ్ళలో ముగ్గులు కూడా చూశాను.

2016 డిసెంబరు చివర్లో చెల్లికి ఆరో నెల దాటింది. డాక్టరమ్మ ప్రయాణం వద్దన్నారు. పుట్టింటికి రాలేని పిల్లకి సీమంతం ఎవరు చేస్తారు? అమ్మేమో మోకాళ్ళ నొప్పులతో మంచం దిగలేని స్థితి. దాంతో నేనే బయలుదేరాను. విశాఖ నుంచి ఓడ, రెండు రాత్రులు మూడు పగళ్ళు. కడుపులో తిప్పుడు సంగతి అడక్కండి. నిమ్మకాయ వాసన చూస్తూ వెళ్ళానంతే.

దీవి కాపురం ఎలా ఉంటుందో వెళ్ళాక తెలిసింది. కొబ్బరికాయలకూ చేపలకూ లోటు లేదు. ఉల్లిపాయలు, బంగాళదుంపలు మాత్రం ఓడ ఎక్కి రావాలి. ఓడ ఆలస్యమైతే చెల్లి చారు, కొబ్బరి పచ్చడితో సరిపెట్టేది. నీళ్ళు కూడా రోజూ రావు. కుళాయి వచ్చే రోజున ఇల్లంతా బిందెలూ, బకెట్లూ, ఆఖరికి కుక్కరు గిన్నె కూడా బారులు తీరుతాయి. సాయంత్రం ఐదున్నరకే చీకటి. మన గడియారమే, సూర్యుడు మాత్రం తొందరపడతాడు!

సంక్రాంతికి మా తమ్ముడు ఇంటికెళ్ళాడు. అమ్మ వాణ్ణి కూర్చోబెట్టి, "చిన్నదాని సీమంతానికి నేను వెళ్ళలేను, పాటలైనా వెళ్ళనీరా" అన్నదట. మంచం మీదే దిండుకి ఆనుకుని కూర్చుని, సీమంతం పాటలు, గాజుల పాట, మంగళహారతి, తనకొచ్చినవన్నీ పాడింది. గంటా పది నిమిషాలు. తమ్ముడు వీడియో తీశాడు. మొత్తం 700 ఎంబీ. శ్రీకాకుళం వెళ్ళి, నెట్ సెంటర్లో కూర్చుని ఇంటర్నెట్‌లో పెట్టి, మాకు ఫోన్ చేశాడు, "అక్కా, దింపుకోండి" అని.

దింపుకోవడం! ఇప్పుడు మీ పిల్లలు సినిమా కూడా పది నిమిషాల్లో దింపేస్తున్నారు కనుక ఇందులో కష్టమేమిటా అనిపిస్తుంది. ఆ రోజుల్లో దీవులకు సముద్రం కింద తీగ లేదు. ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీదే. చెన్నై చూస్తే 1,300 కిలోమీటర్ల పైచిలుకు. కానీ కంప్యూటర్ అడిగిన మాట నేల మీద నుంచి 36,000 కిలోమీటర్లు పైకి ఎక్కి, మళ్ళీ అంత దూరం కిందికి దిగాలి. జవాబు కూడా అదే దారిలో రావాలి. అడగడానికీ జవాబు రావడానికీ ఎంత లేదన్నా అర సెకను. పైగా ఉన్న కాస్త దారినీ దీవులన్నీ పంచుకోవాలి. గట్టి వాన పడిందా, అదీ ఉండదు.

మరిదిగారి కంప్యూటర్లో లైను బాగున్నప్పుడు సెకనుకు 20 కిలోబైట్లు వచ్చేది. 700 ఎంబీ ఆ వేగాన దిగాలంటే పది గంటలు దగ్గర దగ్గర. ఆ లైను పది గంటలు ఎక్కడ నిలబడుతుందండీ? గంట నిలబడితే గొప్ప. మొదటి రాత్రి పదకొండు శాతం దగ్గర తెగింది. మళ్ళీ నొక్కితే ఒకటి నుంచి మొదలు. రెండో రాత్రి ఆరు. నాలుగో రాత్రి ఏ దేవుడు చల్లగా చూశాడో, తెల్లారేసరికి తొంభై దాటింది. కాఫీ పెట్టుకుని వచ్చి చూద్దును కదా, "విఫలమైంది" అని ఒక ముక్క కనిపిస్తోంది. చెల్లి కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఏడో నెల పిల్ల, నిద్ర చాలక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాకు కంప్యూటర్ని సముద్రంలో పడేయాలన్నంత కోపం వచ్చింది.

పక్కింట్లో సోంపేట వాళ్ళు. వాళ్ళబ్బాయి కాలేజీలో చదువుతున్నాడు. వచ్చి చూసి, "పిన్నీ, మీరు బిందె సగం నిండాక కుళాయి ఆగిపోతే, ఉన్న నీళ్ళు పారబోసి మళ్ళీ మొదటి నుంచి పడతారా?" అన్నాడు. లేదన్నాం. "ఇది అదే చేస్తోంది" అన్నాడు. ఆగిన చోటి నుంచి తిరిగి అందుకునేలా చేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయట, డౌన్‌లోడ్ మేనేజర్లంటారు. ఇంతవరకు వచ్చింది, మిగతాది పంపు అని అవతలి కంప్యూటర్ని అడుగుతాయి. కానీ అవతలివాడు కూడా ఒప్పుకోవాలిగా! తమ్ముడు పెట్టిన చోట ఒప్పుకోలేదు. కాసేపటికి ఆ లింకే చెల్లకుండా పోయేది. ఎన్నిసార్లు తెగితే అన్నిసార్లు మొదటికే.

"పాట మాత్రమే పంపించమనండి, వీడియో వద్దు. ఒక్కో పాట నాలుగైదు ఎంబీలకు వస్తుంది" అన్నాడా అబ్బాయి. మంచి సలహానే. చెల్లి ఒప్పుకోలేదు. "అమ్మ ముఖం చూడకుండా పాటెందుకక్కా" అంది. నేనేం మాట్లాడలేదు. అమ్మ ఆరోగ్యం ఎలా ఉందో మా ఇద్దరికీ తెలుసు, పైకి అనుకోలేదంతే.

అప్పుడు ఆ అబ్బాయే మరో దారి చెప్పాడు. తమ్ముడికి ఫోన్ చేసి, పాటలు ఎక్కడికక్కడ విడగొట్టి పద్నాలుగు ముక్కలు చేయమన్నాడు. ఒక్కో ముక్క ఐదు నిమిషాలు, 50 ఎంబీ. దిగడానికి ముప్పావుగంట. గంట నిలబడే లైనుకి ముప్పావుగంట పని! చూశారా, మొత్తం బరువు తగ్గలేదు, తెగినప్పుడు పోయేది తగ్గింది. పైగా ఏ ముక్క వస్తే ఆ ముక్క చూసుకోవచ్చు. జిప్ చేసి ముక్కలు చేసే పద్ధతి కూడా ఉందట గానీ, అందులో అన్నీ చేరితే గానీ ఏదీ తెరుచుకోదు. అది మాకు వద్దన్నాడు.

ఇక వరండాలో కాపలా నాది. ఊరంతా పడుకున్నాక, రాత్రి ఒంటిగంట తర్వాత లైను కాస్త ఖాళీ అవుతుంది. ఇంట్లో ఫోన్లన్నింటికీ నెట్ ఆపేసేదాన్ని. కంప్యూటర్ నిద్రపోకుండా సెట్టింగు మార్పించాను. మంచి రాత్రయితే నాలుగు ముక్కలు, వాన రాత్రయితే సున్నా. ఒక్కో ముక్క రాగానే సైజు తమ్ముడు చెప్పిన అంకెతో సరిచూడాలి. తొమ్మిదోది తక్కువొచ్చింది. తెరిస్తే అమ్మ సగం పాటలో బిగుసుకుపోయింది. ఆ ఒక్కటే మళ్ళీ దింపాం, మిగతావాటి జోలికి పోలేదు. మీలో ఏజెన్సీ ఊళ్ళలో, కొండల్లో ఉండి ఇప్పటికీ సిగ్నల్ కోసం మేడెక్కేవాళ్ళుంటే ఇవి గుర్తుంచుకోండి, పనికొస్తాయి.

రిపబ్లిక్ డే ముందురోజు సీమంతం. ఆ ఉదయానికి పదకొండు ముక్కలే చేరాయి. పేరంటాళ్ళు ఓ పాతికమంది వచ్చారు, తెలుగువాళ్ళూ, బెంగాలీలూ, తమిళులూ. టీవీకి కంప్యూటర్ తగిలించి పెట్టాం. అమ్మ గాజుల పాట పాడుతుంటే నేను చెల్లి చేతికి గాజులు తొడిగాను. పాట మధ్యలో అమ్మ ఆగి, దగ్గి, "బాగా తొడగవే, చేయి నొక్కుకుపోతుంది" అంది. అక్కడ నేనే ఉంటానని ఎలా ఊహించిందో! భాష రాని బెంగాలీ ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది. హారతి పాట రాలేదు కనుక హారతి నేనే పాడాను, నా గొంతు సంగతి తెలిసినవాళ్ళు క్షమించాలి. అది మూడు రోజుల తర్వాత దిగింది.

మార్చిలో పాప పుట్టింది. మరుసటేడు అమ్మ పోయింది. చెల్లి వచ్చేసరికి అంతా అయిపోయింది.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన తీగ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవు, 1,200 కోట్ల రూపాయల పైచిలుకు ఖర్చు. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ లాంటి దీవులకూ అందింది. 2023లో నేను మళ్ళీ వెళితే, పాప వీడియోలో మా మనవడితో గంటల తరబడి కబుర్లు. ఎక్కడా తెగలేదు. నాకే నమ్మకం కుదరక మాటిమాటికీ తొంగి చూశాను.

పక్కింటి అబ్బాయి ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం. సెలవులకి వచ్చి ఉన్నాడు. "ఆ పద్నాలుగూ కలిపి ఒకటే వీడియో చేసిస్తాను పిన్నీ, ఐదు నిమిషాల పని" అన్నాడు. చెల్లి వద్దంది. ఒకటి నుంచి పద్నాలుగు వరకు అంకెలు వేసి అలాగే ఉంచుకుంది. పాప స్నానం చేసి వచ్చి, "అమ్మా, అమ్మమ్మ తొమ్మిది పెట్టవూ" అని అడిగింది.