ముడుల తాడు

జనవరి 6, సూళ్లూరుపేట
మైపాడు దగ్గర బడి పిల్లల ప్రదర్శనకు పులికాట్ సరస్సు నీళ్లు సీసాల్లో పట్టుకున్నాను. సముద్రంలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. అక్టోబరు మొదలు వానలకు కాళంగి, ఆరణి దిగితే సరస్సులో ఉప్పు పలచబడుతుంది. ఎండలు ముదిరితే కొన్నిచోట్ల సముద్రాన్నే మించుతుంది. రొయ్యల బతుకూ, ఫ్లెమింగోల మేతా ఆ ఒక్క అంకెతో ముడిపడి ఉన్నాయి. పట్టికలో చూస్తే అది ఎవరికీ పట్టదు.

జనవరి 9
ఆ ఉప్పు తేడా కంటికి కనబడాలని స్ట్రా అడుగు మైనంతో మూసి, కాస్త ఇసుక పోసి నీళ్లలో నిలబెట్టాం. మంచినీళ్లలో పది సెంటీమీటర్లు మునిగేది, సముద్రపు నీళ్లలో దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. అంతే తేడా. పిల్లలు కళ్లు చికిలించి, పెన్సిలు గీతతో పట్టేశారు.

జనవరి 14, మైపాడు
ఉపగ్రహాలు చూపే సముద్రపు వేడినీ, నీటి రంగునూ బట్టి చేపలు దొరికే చోటును హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చెబుతుంది: దిక్కు, దూరం, లోతు. లోతు మీటర్లలో ఉంటుంది. ‘ముప్పై ఆరు మీటర్లంటే ఎన్ని బారలు నాయనా?’ అని వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన అడిగాడు. చేతులు రెండూ చాచినంత బార, ఆరడుగులు. ఇరవై బారలన్నాను. ఆయనే తాడు తెచ్చి, బారకో ముడి వేసి, కొసన గుండు కట్టి ఇచ్చాడు. మా ప్రదర్శనలో అన్నిటికంటే మంచి వస్తువు ఇదే.

జనవరి 18
‘అల ఎత్తు 3 మీటర్లు’ అని వార్తల్లో వింటే ఏ అలా అంతకు మించదనుకుంటాం. నిజానికది అలల్లో పెద్దవైన మూడోవంతుకు కట్టిన సగటు. అప్పుడప్పుడూ ఒక్కటి దానికి దాదాపు రెట్టింపు లేవవచ్చు. వేటకు వెళ్లాలా వద్దా అన్నది తేల్చే అంకె ఇది. ఇంత ముఖ్యమైన సంగతి మీటర్ల చాటున ఉండిపోకూడదు. బడి గోడమీద 3 మీటర్ల దగ్గర ఎర్రగీత గీశాం. ఆరుకు గోడ చాల్లేదు. కొబ్బరిచెట్టుకు గుడ్డ కట్టించాం.
ఇలా కంటికి చూపడం కొత్తేం కాదు. రేవుల్లో తుపాను హెచ్చరికకు పగలు శంకువులూ డ్రమ్ములూ ఎత్తేవాళ్లు, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు. దూరం నుంచే చదువు రానివాళ్లకూ తెలిసేది. ఆ పద్ధతి పెట్టినవాళ్లకు నా దండం.

జనవరి 22
ప్రదర్శన. తాడు చుట్టూ మగవాళ్లు, ఉప్పునీళ్ల దగ్గర రొయ్యల రైతులు. ఒకామె ఎర్రగీత కింద నిలబడి తలెత్తి చూసింది. ‘మాది చిన్న పడవ సార్. ఏ గీత దాకా తట్టుకుంటుంది?’
మా గోడమీద ఆ జవాబు లేదు. 2020 నుంచి ఇన్‌కాయిస్ చిన్న పడవలకు వాటి వెడల్పును బట్టి వేరే హెచ్చరికలిస్తోంది. ముందు ఇక్కడి పడవల వెడల్పులు కావాలి. సాయంత్రం పిల్లలు టేపు తీసుకుని రేవుకు పరిగెత్తారు.