పనిచోటు - కాపురపుచోటు

మా నర్మెట్టకు సముద్రము లేదు. జనగామ ప్రాంతమున ఎంత పెద్ద చెఱువు నిండినను దానిలో ఓడ తేలదు. అట్టి యూరఁ గూర్చుండి లండను రేవులను గూర్చి వ్రాయుట పాఠకులకు వింతగాఁ దోఁచవచ్చును. కాని రేవైనను మిల్లైనను, కూలిజనుల చెమటతో విలువకెక్కిన పనిచోటు మూతపడి, పిమ్మట కాపురపుచోటుగా మాఱునపుడు పుట్టు ప్రశ్న ఒక్కటియే. ఆ యిండ్లలో నెవరు దిగుదురు? ఈ ప్రశ్న మాకు ఓరుగల్లులోనే యెదురైనది.

ఆజంజాహి మిల్లు పేరు విననివారు ఈ చుట్టుపట్ల అరుదు. 1934లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనలో, ఆయన పెద్దకుమారుని పేర అది వెలసినది. ఈ నేలఁ బండు ప్రత్తి యచ్చటికిఁ బోయి నూలై, బట్టయై వెలువడెడిది. మా మేనమామ అందు మగ్గముల ఖాతాలో పనిచేసెను. మిల్లు కూతను బట్టియే ఇంట పొయ్యి వెలుఁగుట, పిల్లలు నిద్రలేచుట, దీపమార్పుట. గడియారము కొనవలసిన యక్కఱ తనకు ఎన్నఁడును కలుగలేదని ఆయన గర్వముగాఁ జెప్పుకొనెడివాఁడు. మిల్లు తరువాత జాతీయ జౌళి సంస్థ క్రిందికి వచ్చెను. యంత్రములు పాతఁబడినవి, నష్టములు పెరిగినవి, 2002లో మూతపడినది. భూమిలోఁ బెద్దభాగము పట్టణాభివృద్ధి సంస్థ చేతికిఁ బోయి, ప్లాట్లుగా విభజింపఁబడి వేలమునకు వచ్చినది. మిల్లు మైదానమున జిల్లా కలెక్టరేటు భవనమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. అందు పనిచేసినవారు ఇంటిస్థలముల కొఱకు ఏండ్లతరబడి అర్జీలు పెట్టుకొనుచు వచ్చిరి.

లండను మాట యెట్లు వచ్చినదో చెప్పెదను. మా వీధి యువకుఁ డొకఁడు అచ్చటి బ్యాంకులో కంప్యూటరు పనికిఁ బోయి, ఐల్ ఆఫ్ డాగ్స్ అను చోట అద్దెకున్నాఁడు. పేరునకుఁ గుక్కలదీవియే కాని, అద్దె మాత్రము సింహమునకుఁ దగినది. అతఁడు పంపిన ఛాయాచిత్రమున కిటికీ వెలుపల నీరు, నీటియొడ్డున పనిలేక నిలిచిన భారీ క్రేనులు. ఆతని తల్లి ఆ చిత్రమును నాకుఁ జూపి, “గీ ఇనుప కొంగలేంది సారూ?” అని యడిగినది. ఆ ప్రశ్నకు జవాబు వెదకఁబోయి నేను చాల పుస్తకములు తిరుగవేసితిని.

ఆ నీరు నది కాదు, మనుష్యులు త్రవ్విన రేవు. వెస్టిండియా డాకులు 1802లో తెఱవఁబడినవి. కరీబియను దీవులలో ఆఫ్రికా బానిసలు పండించిన చెఱకు చక్కెరయై యచ్చట దిగెడిది. దిగుమతి చేయు కూలీల బ్రదుకును గూర్చి చదువుచుండగా నాకు మన పట్టణముల కూలీ అడ్డాలు కన్నులఁ గట్టినవి. తెల్లవాఱఁగనే గేటుకడ గుంపుగా నిలుచుట, మేస్త్రి వ్రేలు చూపినవానికి ఆ పూఁట పని, తక్కినవారు ఇంటికి. గంటకు ఆఱు పెన్నీల కూలి కొఱకు వారు 1889లో ఐదువారములు సమ్మె కట్టి గెలిచిరి. దినకూలి పద్ధతి పోయి నిలుకడయైన కొలువు చేకూరుటకు మఱి డెబ్బది యెనిమిదేండ్లు పట్టి, 1967 వచ్చినది. విధి వైపరీత్య మేమన్న, ఆ సంవత్సరమే ఈస్టిండియా డాకులు మూతపడినవి! సరకును ఇనుపపెట్టెలలో నింపి యెత్తు పద్ధతి ప్రబలెను. పెద్ద ఓడలు దిగువనున్న టిల్బరీయొద్దనే యాఁగినవి. వెస్టిండియా డాకులు 1980లోను, రాయల్ డాకులు 1981లోను నిలిచిపోయినవి.

1981లోనే ప్రభుత్వము డాక్‌లాండ్సు అభివృద్ధి సంస్థను నెలకొల్పి, నిర్మాణములకు అనుమతి నిచ్చు అధికారమును స్థానిక కౌన్సిళ్ళనుండి తీసి దానికిచ్చినది. ఇంచుమించు ఎనిమిదిన్నర చదరపు మైళ్ళ నేల. 1998లో సంస్థ ముగియునాఁటికి అందు సుమారు 24,000 క్రొత్త యిండ్లు లేచినవి. 1987లో తేలికరైలు నడిచినది. పాడుపడిన గిడ్డంగులు మేడలైనవి. ఇది మేలు కాదని నేననను. రేవులు తిరిగి రావు, నేలను పాడుపెట్టుటకంటె ఇండ్లు కట్టుట యెంతయు మంచిది. అయినను ఆ చోటఁ గాపురమున్నవారిలో అత్యధికులు కౌన్సిలు ఇండ్ల అద్దెదారులు. క్రొత్త యిండ్లలో హెచ్చుభాగము అమ్మకమునకుఁ గట్టినవి. గోదాములో బస్తా మోసిన తాత మనుమఁడు ఆ గోదాములోనే లేచిన గది వెల విని వెనుదిరుగవలసివచ్చినది.

వారు ఊరకుండలేదు. 1983లో రాయల్ డాకులకు ప్రజలే యొక ప్రణాళిక వ్రాసిరి. అందు తోఁటతోఁగూడిన ఇండ్లు, ఓడల మరమ్మతు పని, తల్లులు పనికిఁ బోవునపుడు బిడ్డలను జూచుకొను కేంద్రములు కోరఁబడినవి. ఈ కడపటి కోరిక అధికారుల ప్రణాళికలలో నెన్నఁడు కనఁబడును? స్త్రీలు బల్లచుట్టును గూర్చుండి వ్రాసిన ప్రణాళికయని దానినిబట్టియే గుర్తింపవచ్చును. అది త్రోసివేయఁబడినది, 1987లో ఆ డాకుల నడుమ విమానాశ్రయము తెఱవఁబడినది.

బొంబాయి కథ మనకు మఱింత చేరువ. కామాటిపురమను పేరే మన తెలుఁగు కూలీలది. అచ్చటి మిల్లు భూములు అభివృద్ధికి వచ్చినపుడు మూఁడవవంతు నగరపాలకసంఘమునకు, మూఁడవవంతు ప్రజాగృహములకు, మిగిలినది యజమానికి అని 1991లో నియమమేర్పడినది. చక్కని నియమము! 2001లో దానిని సవరించి, కట్టడములు లేని ఖాళీ నేలకే ఆ పంపకమును పరిమితము చేసిరి. వందల యెకరములలో ప్రజలకుఁ దక్కవలసిన పాలు ముక్కలైనది. 2006లో సుప్రీముకోర్టు ఆ సవరణను నిలిపెను. అయినను పోరు సాఁగుటచేత 2012లో మిల్లు కార్మికులకు లాటరీమీఁద కొన్నివేల యిండ్లు లభించినవి. కోరినవారు లక్షకుఁ బైఁబడిరి. పదిమందికి ఒక యిల్లైనను లేదు. కాని ఆ యొక్కటియు వేలములోఁ బాడి కొన్నది కాదు, పనిచేసిన హక్కుచే వచ్చినది.

నేను కోరునది పెద్దది కాదు. ఓరుగల్లు చెంత గీసుగొండ, సంగెం మండలములలో 2017లో కాకతీయ జౌళి పార్కునకు శంకుస్థాపన జరిగినది. మా ప్రత్తికి మరల మగ్గము దొరకునని సంతోషించుచున్నాను. ఆ మగ్గములును ఒకనాఁడు ఆఁగవచ్చును. అప్పుడు ఆ నేల వెల నేఁటికి నూఱంతలుండును. మూతపడిన చోటఁ గట్టు కాపురములలో ఇంతపాలు అచ్చటఁ బనిచేసిన కుటుంబములదని నేఁడే, యంత్రములు తిరుగుచుండగనే, వ్రాఁతలో నుంచవలెను. మూతపడిన పిమ్మట అడిగినది అర్జీ యగును. ముందు వ్రాసికొన్నది ఒప్పంద మగును. ఆ పట్టాలు ఇల్లాలి పేర నుండవలెను.

ఈ కడపటి మాటను మా అత్తకుఁ జెప్పితిని. ఆమె చాటలోని బియ్యము చెఱుగుచునే నవ్వి, “నా పేరు ఏ కాయితం మీదా లేకుండె అల్లుడా. మూడు పాళీలకు బువ్వ మాత్రం నేనే వండిన” అన్నది.