దిద్దిన పేపర్లు

ఏప్రిల్ 6, 2024, శనివారం, గుంటూరు

మధ్యాహ్నం రెండింటికి కూర్చుని ఐదింటికి లేచాను. అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్ మాక్ పేపరు. ఈ ఎండల్లో అన్నం తిన్నాక హాస్టలంతా నిద్రపోతుంది, అందుకే రూమ్మేటూ నేనూ ఆ వేళే రాయాలనుకున్నాం. అసలు పరీక్ష కూడా రెండు నుంచి ఐదింటిదాకానే, అంతకుముందు పావుగంట పేపరు చదువుకోవడానికి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లెక్కలు ఎవరికైనా వస్తాయి. పరీక్ష నాడు కావలసింది మూడున్నరకి కూడా మందగించని బుర్ర.

మాది కొత్త స్కీంలో మొదటి సీఏ ఇంటర్ బ్యాచ్. ఎనిమిది పేపర్లు ఆరయ్యాయి. ప్రతిదాంట్లో 30 మార్కులు మల్టిపుల్ ఛాయిస్, 70 మార్కులు రాసేవి. అకౌంట్స్‌కి ఇంతకుముందు మల్టిపుల్ ఛాయిస్ లేదు. సీనియర్ల పాత ప్రశ్నపత్రాలు లెక్కల సాధనకి పనికొస్తాయి గానీ టైము పంచుకోవడం వాటిలో తెలియదు. దానికి ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే మాక్ టెస్ట్ పేపర్లే దిక్కు. 180 నిమిషాలకి 100 మార్కులంటే 14 మార్కుల ప్రశ్నకి పాతిక నిమిషాలు. ఇరవై ఆరో నిమిషంలో బ్యాలెన్స్ షీట్ ఇంకా టాలీ కాకపోతే వదిలేసి ముందుకి పోవాలి. చెప్పడం తేలిక. ఆ తేడా ఎక్కడుందో వెతకాలని చెయ్యి లాగుతూనే ఉంటుంది.

ఏప్రిల్ 7

రూమ్మేట్ పేపరు నేను, నా పేపరు తను దిద్దుకున్నాం. రాయడానికి మూడు గంటలైతే దిద్దడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. నాకు ఇదే అసలు చదువనిపించింది.

తన క్యాష్ ఫ్లో జవాబు చివరి అంకె సరిగ్గా ఉంది. కానీ యంత్రం అమ్మిన లాభం ఎలా వచ్చిందో, కట్టిన పన్ను ఎంతో వర్కింగ్ నోట్‌లో లేదు. అన్నీ క్యాలిక్యులేటర్‌లో చేసేసింది. “ఆన్సర్ కరెక్టే కదే!” అంది. కరెక్టే. అదే అంకె ఒక్కచోట తప్పి ఉంటే, దిద్దేవాళ్లకి మార్కు వేద్దామన్నా పట్టుకోవడానికి మెట్టు లేదు. ఎర్ర పెన్ను పట్టుకుని అవతల కూర్చున్నప్పుడు ఇది తెలిసినంత బాగా, సారు క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా తెలియలేదు.

ఏప్రిల్ 9, ఉగాది

పచ్చడి తిని లా రాశాం. కంపెనీ వార్షిక సమావేశానికి (ఏజీఎం) 21 స్పష్టమైన రోజుల నోటీసు. నోటీసు అందిన రోజు, మీటింగ్ రోజు రెండూ లెక్కలోకి రావు. అది తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. సెక్షన్ ఏం చెబుతోంది, ప్రశ్నలోని కంపెనీ విషయంలో తేదీలు ఎలా పడ్డాయి, కాబట్టి ఏమవుతుంది అని వరసగా మూడు పేరాల్లో పెట్టేవాళ్లు తక్కువ. పక్కగది అక్క సీఏ ఫైనల్‌కి చదువుతోంది. మా జవాబులు చూసి, “సెక్షన్ నంబరు గుర్తు రాకపోతే కంపెనీల చట్టం ప్రకారం అని రాయండి, తప్పు నంబరు మాత్రం వేయొద్దు” అంది.

ఏప్రిల్ 15, సోమవారం

టాక్సేషన్. ఇవాళ్టి సంగతి వివరంగా రాసుకోవాలి.

పాత సజెస్టెడ్ ఆన్సర్లు జిరాక్స్ తీయించుకుని బట్టీపట్టేవాళ్లు మా హాస్టల్లో ఉన్నారు. మాకు 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ వర్తిస్తుంది. అంటే సెక్షన్ 115బీఏసీలోని కొత్త పన్ను విధానమే డిఫాల్టు. ఒక ఉదాహరణ వేసి చూశాను. జీతం ఏడున్నర లక్షలు, 80సీ కింద లక్షన్నర పెట్టుబడి. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ తీసేస్తే 5,50,000. దానిమీద పన్ను, సెస్సు కలిపి 23,400. కొత్త విధానంలో 80సీ లేదు. అయినా ఆదాయం 7,00,000 దగ్గర ఆగుతుంది, 87ఏ రిబేటు మొత్తం పన్నుని మింగేస్తుంది. పన్ను సున్నా. ప్రశ్న అదే, రెండేళ్ల కిందటి జవాబు ఇప్పుడు చెల్లదు. పాత ప్రశ్న తీసుకుని జవాబు మాత్రం మనమే కొత్తగా కట్టుకోవాలి. మారిన నిబంధనలకి రివిజన్ టెస్ట్ పేపరు ముందు పెట్టుకోవాలి. రాత్రి కిందిగదిలో అమ్మాయికి ఇదంతా చూపిస్తే, జిరాక్స్ కట్ట పక్కన పెట్టి నాతో కూర్చుని మళ్లీ చేసింది. చాలా సంతోషమేసింది.

ఏప్రిల్ 24

ఆడిట్. క్లయింట్ కంపెనీ బాకీదార్లకి బాకీ నిర్ధారణ లెటర్లు పంపనివ్వనంటే ఆడిటర్ ఏంచేయాలి? ఆడిటింగ్ స్టాండర్డ్ ఎస్ఏ 505. కారణం అడగాలి, అది సబబో కాదో చూడాలి, వేరే పద్ధతుల్లో ఆధారాలు రాబట్టాలి. సబబు కాకపోతే గవర్నెన్స్ చూసేవాళ్లకి చెప్పాలి, తన అభిప్రాయం మీద దాని ప్రభావం తేల్చుకోవాలి. రూమ్మేట్ జవాబు దిద్దుతూ ఈ మెట్లు పెన్సిల్‌తో అంచున గీశాను. రెండోసారి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది.

మొత్తం మార్కులు గోడమీద రాసుకోవడం మానేద్దామన్నాను. పేపరుకి 40, గ్రూపుకి సగటున 50 శాతం కావాలి నిజమే. కానీ మాక్‌లో 52 వచ్చిందంటే మిగతా 48 దేనికి పోయాయన్నది ఆ అంకె చెప్పదు. మార్కుల బదులు పోయిన మెట్ల జాబితా అంటించాం.

మే 10, శుక్రవారం

మొదటి గ్రూపు నిన్నటితో అయింది. ఎన్నికల వల్ల తేదీలు మార్చారు కాబట్టి రెండో గ్రూపు 11, 15, 17. రేపు కాస్టింగ్. 13న పోలింగ్, నాకిది మొదటి ఓటు. రేపు సాయంత్రం పరీక్ష అవగానే మా ఊరు ఒంగోలుకి బస్సెక్కుతాను. ఎల్లుండి రెండింటికి ఇంట్లోనే ఆడిట్ రెండో సిరీస్ మాక్ పేపరు రాస్తాను. ఆ మూడు గంటలూ పిలవొద్దని అమ్మకి ఫోన్లో చెప్పాను. కాగితాలు ఫొటోలు తీసి రూమ్మేట్‌కి వాట్సాప్‌లో పంపుతాను, తనవి తను పంపుతుంది. ఆడిటింగ్ స్టాండర్డ్ల జవాబులు ముందు దిద్దమన్నాను, నాకు 14 రాత్రిలోపు కావాలి.