సైజు సరిపోతే సరిపోయినట్టేనా?



మొన్న జుమా నమాజు తర్వాత మా భాంజా ఫోను పట్టుకుని వచ్చాడు. "మామూ, ఇది చూడండి" అన్నాడు. తెరమీద ఒక జోంగా. ఆలివ్ గ్రీన్ రంగు వెలిసిపోయింది, ముందు లైటు ఒకటి లేదు. ఎవరో మిలిటరీ హర్రాజులో కొని, ఇప్పుడు అమ్మకానికి పెట్టారట. పిల్లోడి దిల్ దానిమీద పడింది. పక్కనే వాళ్ళ అమ్మీ, అంటే నా చెల్లెలు, ఇదంతా నేనే నేర్పించినట్టు నా వైపు గుర్రుగా చూస్తోంది.

"స్పేర్ పార్టులు దొరుకుతాయా మామూ?" ఒకటే మాట అడిగాడు.

"దొరుకుతాయి బేటా" అన్నాను. అది సగం జవాబే. మిగతా సగం చెల్లెలి ముందు నోరు తెరిచి చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మా అబ్బాజాన్ తిరుమలగిరి వైపు ఒక ఫౌజీ వర్క్‌షాపులో సివిలియన్ మెకానిక్. ముప్పై ఏళ్ళు శక్తిమాన్ లారీల కిందే పడుకుని పనిచేశారు. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959లో జబల్‌పూర్‌లో మొదలైన లారీ అది. 1996 దాకా తయారైంది. రిటైరయ్యాక, 1999లో, హర్రాజులో ఒక శక్తిమాన్ కొన్నారు. ఫౌజీ బండి నంబరుకు ముందు పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది కదా, దాన్ని గీకేసి, ఆర్టీఓ చుట్టూ తిరిగి కొత్త నంబరు తెచ్చి, వెనక 5000 లీటర్ల ట్యాంకు బిగించారు. నీళ్ళ ట్యాంకరన్నమాట. మా ఇంటి రోజీ రోటీ అదే.

అసలు ముష్కిల్ ఆ తర్వాత మొదలైంది. వర్క్‌షాపులో ఇండెంట్ రాస్తే డిపో నుంచి సామాను వచ్చేది. బయట ఆ డిపో నంబర్లు ఎవరికి తెలుసు? రాణిగంజ్‌లో "శక్తిమాన్ సామాన్ ఉందా?" అని అడిగితే నవ్వేవాళ్ళు. "ఫౌజ్ వాళ్ళనే అడుగు మియా" అనేవాళ్ళు.

అబ్బాజాన్ నాలుగైదు నెలల్లో ఒక తరీఖా కనిపెట్టారు. బండి పేరు చెప్పొద్దు, కొలత చెప్పు. బేరింగు తుడిచి చూస్తే దానిమీద నంబరుంటుంది. 6308 అనుకోండి. చివరి రెండంకెల్ని అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం 40 మిల్లీమీటర్లు. అది జర్మనీలో చేసినా జపాన్‌లో చేసినా, ఫౌజీ లారీలో ఉన్నా పిండిగిర్నీలో ఉన్నా 6308 అంటే 6308యే. ఆయిల్ సీలు మీద మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. అంకెలు చెరిగిపోతే వెర్నియర్ పెట్టి కొలిచి, కాగితమ్మీద రాసుకుని వెళ్ళేవాళ్ళం.

టాటా లారీలు 1954లో జర్మనీ బెంజ్ వాళ్ళతో కలిసి మొదలయ్యాయి. మన శక్తిమానూ జర్మన్ ఖాందానే. రెండింటికీ మిల్లీమీటర్ల లెక్క. లేలాండ్‌ది బ్రిటన్ మూలం, దాని పాత బండ్లలో ఇంచీల లెక్క. అందుకే మేం ముందు టాటా సామాను దుకాణాలే తిరిగేవాళ్ళం. గేరుబాక్సు పళ్ళచక్రాల్లాంటివి మాత్రం ఎక్కడా దొరికేవి కావు. వాటికి ఇంకో శక్తిమాన్‌ని కోయాల్సిందే. అబ్బాజాన్ ఒక పాత యాక్సిలు, సగం గేరుబాక్సు కిలోల లెక్కన కొని వేపచెట్టు కింద పెట్టారు. అమ్మీ దాన్ని కబ్రస్తాన్ అనేది.

2003 మే నెల. ఎండలు మండుతున్నాయి, రోజుకు ఆరేడు ట్రిప్పులు. ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు క్రాసు విరిగింది. అబ్బాజాన్‌కి జ్వరం. నేనే వెళ్ళాను. కప్పు వ్యాసం, ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడవు కొలిచి టాటా క్రాసు పట్టుకున్నాను. అచ్చంగా కూర్చుంది. కానీ షాఫ్టు వెనక కొసన ఉండే నాలుగు బోల్టుల్లో రెండింటి మరలు పాడయ్యాయి. సాయంత్రం మళ్ళీ రాణిగంజ్ పరిగెత్తాను. లారీ బోల్టులు అమ్మే దుకాణం మూసేశారు. పక్కన హార్డ్‌వేర్ దుకాణంలో ఒక ముసలి సేఠ్ పాత బోల్టు తల తిప్పి చూశాడు. దానిమీద 10కె అని ఉంది. నేను అది కంపెనీ పేరనుకున్నాను.

"ఇది గట్టి రకం బేటా. నా దగ్గర ఉన్నవి గేట్లకి, రేకుల షెడ్లకి. లారీకి వద్దు. రేపు పొద్దున రా, తెప్పిస్తా" అన్నాడు.

మర్నాడు పొద్దున ఒక వలీమాకి నీళ్ళు ఒప్పుకున్నాం. సైజు అదే, మర అదే, పైగా నాలుగులో రెండే కదా అనుకున్నా. "ఇవే ఇవ్వండి" అన్నాను. ఇంటికొచ్చి "దొరికాయి" అని చెప్పాను. అబ్బాజాన్ పడుకునే "అల్హందులిల్లాహ్" అన్నారు.

మూడో రోజు కార్ఖానాలో స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే కింద ధన్‌మని మోగింది. షాఫ్టు వెనక కొస ఊడి, నిప్పులు రాల్చుకుంటూ రోడ్డుమీద ఈడ్చుకొచ్చింది. అదే ముందు కొస ఊడి ఉంటే రోడ్డులో గుచ్చుకుని ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ వణుకొస్తుంది. బండి ఆపి దిగాను. వెనక రెండడుగుల దూరంలో ఒక స్కూటరు. దానిమీద ఒక అమ్మ, ముందూ వెనకా ఇద్దరు పిల్లలు.

కబురందుకుని అబ్బాజాన్ జ్వరంతోనే ఆటోలో వచ్చారు. ముందు ఆ అమ్మ దగ్గరికెళ్ళి చేతులు జోడించి, "మాఫ్ చేయమ్మా" అన్నారు. తర్వాత వంగి తెగిన బోల్టు తీశారు.

"తలమీద ఏమీ రాసి లేదు. చూసుకోలేదా?"

"నాకు తెలియదు అబ్బాజాన్" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయితే గల్తీ నాదే. కొలతలు నేర్పాను గానీ ఇది నేర్పలేదు" అన్నారు.

ఆ రాత్రి లాంతరు పక్కన కూర్చోబెట్టి చెప్పారు. పాత జర్మన్ రివాజులో 10కె అన్నదాన్నే ఇప్పుడు 10.9 అని రాస్తారు. 10 అంటే చదరపు మిల్లీమీటరుకు 1000 న్యూటన్ల దాకా లాగుడు తట్టుకుంటుంది. తర్వాతి 9 అంటే అందులో తొంభై శాతం, 900 దాకా సాగదు. మామూలు మెత్తటి బోల్టు 4.6. అంటే 400కి తెగుతుంది, 240కే సాగడం మొదలవుతుంది. పక్కపక్కన పెడితే రెండూ ఒకటే బోల్టులా ఉంటాయి. నాలుగులో రెండు సాగితే మిగతా రెండింటిమీద అంతా పడుతుంది, ఆఖరికి అవీ పోతాయి. "కొలత చూస్తే పడుతుందో లేదో తెలుస్తుంది బేటా. ఏ పని చేయాలో, తెగితే ఎవరిమీద పడుతుందో కూడా చూడాలి. రోడ్డుమీద పోయే ప్రతివాళ్ళ జాన్ మన దగ్గర అమానత్" అన్నారు.

మర్నాడు నాలుగూ కొత్తవి కొందామని, "ఆ దుకాణం చూపించు" అన్నారు. నేను వేరే వీధిలోకి తీసుకెళ్ళాను. సేఠ్ చూస్తే చెప్పేస్తాడని భయం.

లారీని 2008లో తూకానికి అమ్మేశాం. అబ్బాజాన్ 2014లో ఇంతిఖాల్ అయ్యారు. ఆ గల్తీ తనదేననుకుని వెళ్ళిపోయారు. జ్వరంతో రోడ్డుమీద చేతులు జోడించిన ఆ మనిషికి నేనొక్క నిజం చెప్పలేకపోయాను. చెప్పడానికి పదకొండేళ్ళు టైముండింది.

భాంజా, ఇప్పుడు నీ మాటకి పూరా జవాబు. జోంగా అంటే జబల్‌పూర్‌లో చేసిన నిస్సాన్ పెట్రోల్ బండి. బేరింగులు, సీళ్ళు, బల్బులు, గొట్టాలు కొలత తెలిస్తే రాణిగంజ్‌లో దొరుకుతాయి. బాడీ రేకులు, గేర్లు కష్టం. వాటికోసం ఇంకో జోంగా వెతకాలి. కొనేముందు హర్రాజు కాగితాలు, రిజిస్ట్రేషను చూసుకో. వెర్నియర్ ఒకటి కొనుక్కో. అబ్బాజాన్‌ది నా దగ్గరుంది, కావాలంటే వచ్చి పట్టుకెళ్ళు.

బ్రేకు, స్టీరింగు, షాఫ్టు, చక్రం, ఈ నాలుగింటి దగ్గర మాత్రం "సైజు సరిపోయింది" అనే మాట అనొద్దు. దుకాణదారు వద్దంటే వద్దు. ఒకవేళ గల్తీ జరిగితే అదే రోజు ఇంట్లో చెప్పెయ్యి.

చెల్లెలు ఇది చదువుతుందని తెలుసు. అబ్బాజాన్ దగ్గర మాఫీ అడిగే మౌకా పోయింది. నిన్నే అడుగుతున్నానమ్మా. మీరంతా ఆయన మగ్ఫిరత్ కోసం దువా చేయండి.