చిల్లకంప క్రిస్మస్

నాకు రెండు పేర్లు. ఒకటి మా అమ్మ పెట్టిన బైబిలు పేరు. ఇంకోటి బడిలో అయ్యవారు రాసిన పేరు. ఈ రెండిట్లో ఏదీ ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తది.

మాది చీరాలకు దక్షిణాన, సముద్రానికి దగ్గరగా ఇసక నేలల్లో ఉన్న ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరికి ఎడంగా ఉన్న మాదిగపల్లె. పల్లె చుట్టూ సర్వి తోపులు. పుస్తకాల్లో సరుగుడు అని రాస్తారు, మేం సర్వి అంటాం. తోపులన్నీ ఊళ్ళో రైతులవి. నరకటం, చెక్కు తీయటం, లారీకెత్తటం మావాళ్ళ పని. నాలుగైదేళ్ళకొకసారి తోపు కోతకొచ్చేది. లావు మొద్దులు కాగితం మిల్లుకి పోయేవి. సన్నవి బాదులుగా, ఇళ్ళు కట్టేచోట సెంట్రింగుకి పోయేవి. చివర మిగిలే కొస ఎవరికీ అక్కర్లేదు. ఆ కొసల్ని మా ఆడోళ్ళు మోపులు కట్టి తలమీద మోసుకొచ్చి పొయ్యిలోకి వాడుకునేవాళ్ళు. కూలి డబ్బులు కాక ఆ తోపుల్లోంచి మాకు దక్కింది అదొక్కటే.

ఆ కొసల్లోంచే మా క్రిస్మస్ చెట్టు వచ్చేది.

డిసెంబరు ఇరవై దగ్గర పడతుందంటే మా నాయన కోతలో మంచి కొస ఒకటి చూసి పక్కన పెట్టేవాడు. నిటారుగా ఉండాల. నాలుగు పక్కలా రెమ్మలుండాల. దాన్ని భుజాన వేసుకుని పొద్దుగూకి పల్లెలోకి వస్తంటే పిల్లకాయలం ఎదురుపోయి చివర పట్టుకునేవాళ్ళం. కిరసనాయిలు డబ్బాలో ఇసక పోసి, మందిరంలో మూలన దాన్ని నిలబెట్టేవాళ్ళు. మందిరమంటే అప్పుడు తాటాకు పాక. మైదాపిండి ఉడకబెట్టి జిగురు చేసి రంగు కాగితాల గొలుసులు అంటించేది మా అక్కలు. సిగరెట్టు పెట్టెల్లో వెండి కాగితాలు బడ్డీకొట్టు ముందు ఏడాది పొడుగూ ఏరి దాచిపెట్టేది మేము. వాటితో నక్షత్రాలు కత్తిరించేవాళ్ళం. మీద అక్కడక్కడ దూది అంటించేవాళ్ళు. ఎందుకయ్యా అంటే అది మంచంట. మంచంటే మాకు తెల్లారుజామున గడ్డి మీద తడి. అది తెల్లగా దూది మాదిరి ఎట్టా ఉంటదో పల్లెలో ఒక్కరికీ తెలీదు. మా నాయనమ్మ మాత్రం, "ఏసుప్రభువు పుట్టిన ఏడు వాళ్ళకి పత్తి బాగా పండుంటదిలే" అని తేల్చేసింది.

చెట్టు కింద బహుమానాలు పెట్టేవాళ్ళు. ఆదివారం బడిలో వాక్యాలు తప్పుల్లేకుండా అప్పజెప్పినోళ్ళకి ఇచ్చేవాళ్ళు. పలక, పెన్సిలు, సబ్బు పెట్టె. ఒక ఏడు నాకు స్టీలు గ్లాసు వచ్చింది. ఊరి బడిలో మా పల్లె పిల్లలది ఆఖరు వరస. చెట్టు కింద మాత్రం మాదే మొదటి వరస. చదివితే ఎవరన్నా మెచ్చుకుంటారని నాకు తెలిసింది బడిలో కాదు, ఆ సర్వి కొస కింద.

రాత్రి పాటలకి పోయేటప్పుడు ముందు పెట్రోమాక్సు లైటు, వెనక డప్పు. అయ్యగారికి డప్పు గిట్టదు. ఊళ్ళో చావులకి కొట్టే డప్పు దేవుడి దగ్గరెందుకనేవాడు. మా పెదనాయన, "చావుకి ఊరోళ్ళు కొట్టమంటే కొడతన్నాం. పుట్టుకకి మా అంతట మేం కొడతన్నాం. ఇదీ కాదంటే ఎట్టాగయ్యగారూ?" అనేవాడు. అయ్యగారు నవ్వి ఊరుకునేవాడు.

ఈ పండగ మాకు ఎట్టా వచ్చిందని చాలామంది అడుగుతారు. ఎవరో పాలపిండి ఇచ్చి కలుపుకున్నారని వాళ్ళే జవాబు కూడా చెబుతారు. 1876లో మొదలైన పెద్ద కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడు ఒంగోల్లో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత పని గుత్తకు తీసుకుని కరువు జనానికి కూలి పని చూపించాడు. పని నడిచినన్నాళ్ళూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇయ్యలేదు. కూలి కోసం చేరారనే మాట వస్తదని. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఎక్కువమంది మాదిగలే. ఏట్లో దిగటానికి ఎవరి అనుమతీ అడగకపోవటం వాళ్ళకది మొదటిసారి అయ్యుంటది. ఆ సంగతి పాలపిండి లెక్కల్లో రాదు.

1998లో నాకు పదేళ్ళు. ఆ ఏడు తోపు రైతు కొసలు కూడా ఇటుక బట్టీ వాళ్ళకి అమ్మేశాడు. ఆడోళ్ళు ఒట్టి చేతుల్తో తిరిగొచ్చారు. పండగ నాలుగు రోజులుందనగా నాయన నన్ను వెంటబెట్టుకుని రైతు ఇంటికి పోయాడు. వాకిట్లో చెప్పులిడిచి, తువ్వాలు చంకలో పెట్టుకుని, "ఒక్క కొస ఇప్పించండయ్యా, పండక్కి" అన్నాడు.

"మీ పండక్కి నా చెట్టేందిరా? మీ తెల్లదొరల్ని అడగండి, ఓడలో పంపిస్తారు" అన్నాడాయన. అరుగు మీద కూచున్నోళ్ళు నవ్వారు.

నాయన కిక్కురుమనలేదు. ఆ తోపు నాటింది నాయన. నీళ్ళు మోసి పోసింది అమ్మ. ఎందుకు మాట్లాడలేదని దారిలో అడిగా. "కారంచేడు మనకెంత దూరంరా అబ్బయ్యా?" అన్నాడు. అంతే. 1985 జూలై 17న కారంచేడులో మా వాళ్ళు ఆరుగుర్ని చంపారు. మిగిలినోళ్ళు చీరాలకు పారిపోయి తలదాచుకున్నారు. చెరువు నీళ్ళ దగ్గర మొదలైన మాట అది. ఒక సర్వి కొస దగ్గర ఇంకోటి మొదలవటం నాయనకి ఇష్టం లేదు.

ఇంటికొచ్చి సంగతి చెబితే నాయనమ్మ కొడవలి తీసుకుని లేచింది. కాలవ గట్టున పోరంబోకులో చిల్లచెట్లు గుబురుగా పెరిగుండేవి. సర్కారు తుమ్మ అంటారే, అది. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు, ఎవరిదీ కాదు. ఒక పెద్ద కొమ్మ నరికి ఈడ్చుకొచ్చింది. చేతులనిండా గీరుకుపోయి నెత్తురు. "ఆయనకి ముళ్ళ కిరీటం పెట్టిన లోకం ఇది. ముళ్ళచెట్టు పెడితే ఆయనేం అనుకోడు" అంది.

ఆ ఏడు మా మందిరంలో చిల్లకంపే క్రిస్మస్ చెట్టు. కాగితం గొలుసులకి జిగురూ దారమూ అవసరమే రాలేదు, ముళ్ళకి గుచ్చితే చాలు. దూది సరిగ్గా పట్టుకుంది. బుడగలు మాత్రం కడుతుంటే ఒక్కొక్కటే టప్ టప్ మని పగిలిపోయాయి. ప్రార్థన నడుమ ఒకటి పగిలేసరికి అయ్యగారు ఉలిక్కిపడి వాక్యం మర్చిపోయాడు. పల్లె పల్లంతా నవ్వింది. అరుగు మీద నవ్వు కాదది. నా చిన్నతనంలో అన్ని పండగలకంటే నాకు ఆ పండగే గుర్తు.

ఇక రెండో పేరు సంగతి. నన్ను ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు మతం దగ్గర అయ్యవారి కలం ఆగిందట. ఆయన మంచివాడే. "పిల్లోడు చదువుకోవాలంటే ఈ పేరొద్దు" అని, తనే ఒక పేరు పెట్టి, హిందూ మాదిగ అని రాశాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని అందులో చేర్చారు. క్రైస్తవం పుచ్చుకున్న మాదిగ మాత్రం మా రాష్ట్రంలో బీసీ-సి, ఒక్క శాతం. మతం మారితే కులం పోద్దని కాగితం చెబుతది. అరుగు మీదోళ్ళకి ఆ కాగితం అందలేదు. 2022లో దీని మీద కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. మా నాయన అది వినకుండానే పోయాడు.

నేను బాప్తిస్మం తీసుకోలేదు. మావాళ్ళలో పెద్దయ్యాక తామే ఒప్పుకుని నీళ్ళలో మునగాల. నాకు ఊహ తెలిసేసరికి చదువు కాగితాలు అడ్డమొచ్చాయి. డిగ్రీ అయ్యింది, బీఈడీ అయ్యింది, డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ మెట్టెక్కింది నేనే మొదలు. ఎక్కటానికి ఆ కాగితమే నిచ్చెన. దాచను. కానీ పండగనాడు మందిరంలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచుతుంటే, అది నా పక్కనోళ్ళ దాకా వచ్చి నన్ను దాటి పోద్ది. అమ్మ నావైపు చూడదు. చూడకపోవటమే చూడటం.

నేను కాపురముండే టౌనులో డిసెంబరు వస్తే బట్టల కొట్లో ప్లాస్టిక్ చెట్టు, బేకరీలో ప్లాస్టిక్ చెట్టు. నా కూతురు చదివే ప్రైవేటు బడిలో పిల్లలందరికీ ఎర్రటోపీలు పెట్టి చెట్టు చుట్టూ నిలబెట్టి ఫోటోలు తీస్తారు. నీ కులమేంది, నీ కాగితం చూపించమని అక్కడ ఎవరినీ అడగరు. ఆ చెట్టుకి కులం లేదు. మా సర్వి కొసకి ఉంది, మా చిల్లకంపకి ఉంది.

పోయిన డిసెంబరులో క్లాసులో, మా పల్లెలాంటి పల్లె నుంచే వచ్చే నాలుగో తరగతి పిల్లోడు లేచి, "సార్, మీరు క్రిస్మస్ చేస్తారా?" అని అడిగాడు. గుమ్మంలో తోటి ఉపాధ్యాయుడు నిలబడున్నాడు. సర్టిఫికెట్ల గురించి నవ్వుతూ నవ్వుతూ మాటలు విసిరే మనిషి. "మాకు ఆ పండగ లేదురా, కూచో" అన్నా. ముందు రోజు రాత్రే అమ్మ ఫోన్లో, "నాయనా, చెట్టుకి కొమ్మ కొట్టి ఉంచా, తొందరగా రా" అని చెప్పింది. పిల్లోడు కూచున్నాడు. నేను బోర్డు వైపు తిరిగి తారీఖు రాసిందే మళ్ళీ రాశా.

సెలవులయ్యాక బడి తెరిచిన పొద్దున ఆ పిల్లోడు నా బల్ల దగ్గరికొచ్చి కాగితం పొట్లం పెట్టాడు. అది నోటుబుక్కులో చింపిన కాగితం, నూనె పీల్చింది. లోపల రెండు నువ్వుల అరిసెలు.

"ఏందిరా ఇది?"

"మీకు పండగ లేదంటగా సార్. పాపం, పెట్టిరమ్మని మా అమ్మ ఇచ్చింది."

పిల్లలంతా చూస్తన్నారు. ఒక అరిసె తుంచి తిన్నా. రెండోది పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నా, అమ్మకి చూపిద్దామని. సాయంత్రం దాకా చొక్కా జేబు దగ్గర నూనె మరక పెద్దదవుతానే ఉంది. తోటి ఉపాధ్యాయుడు అదేంటని అడిగాడు.

"క్రిస్మస్ అరిసె" అన్నా.

అంతవరకే అనగలిగా.