మెదడు ముడుచుకుంటే మతి పోయినట్టేనా?

కిందటేడు పెరట్లో కాలు జారి పడ్డాను. తలకు దెబ్బ తగిలిందేమోనని మా అబ్బాయి పట్టుపట్టి ఎం.ఆర్.ఐ. తీయించాడు. దెబ్బేమీ లేదు. కాని రిపోర్టు చివర "వయసుతో మెదడు కుంచించుకుంది" అని ఒక ముక్క ఉంది.

నేను 40 ఏళ్ళుగా వైద్యం చేస్తున్నవాణ్ణి. ఇదే ముక్క చూసి బెదిరిన రోగులను "ఏం ఫరవాలేదు, వెళ్ళండి" అని ఎన్నిసార్లు పంపించేశానో! నా వంతు వచ్చేసరికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పక్కింటాయన పేరు చప్పున తట్టకపోతే గుండె ఝల్లుమంది. మా ఆవిడ మాట్లాడకుండా బీరువా తాళాలు కొంగున ముడేసుకుంది. "బ్యాంకు పనులు నేను చూసుకుంటాలే నాన్నా" అన్నాడు అబ్బాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ రిపోర్టులోనూ ఈ ముక్క ఉండవచ్చు. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటిసారి ఒక రోగి తలకు సి.టి. స్కాన్ తీసింది 1971లో, లండన్‌లో. ఆ తర్వాత వచ్చిన ఎం.ఆర్.ఐ.తో ఆరోగ్యవంతుల మెదళ్ళను కూడా చూడగలిగారు. 40 దాటాక మెదడు పరిమాణం పదేళ్ళకు సుమారు 5 శాతం తగ్గుతుందనీ, మడతల మధ్య సందులు, లోపల ద్రవం ఉండే గదులు వెడల్పవుతాయనీ తేలింది. జుట్టు నెరవడం లాంటిదే ఇదీను. పేర్లు ఆలస్యంగా తడతాయి, కొత్త విషయం నెమ్మదిగా ఎక్కుతుంది. భాష, లోకజ్ఞానం మాత్రం చాలాకాలం చెక్కుచెదరవు.

మరి భయపడవలసింది ఎప్పుడు? మరిచిన పేరు కాసేపటికి గుర్తొస్తే చింత లేదు. రోజూ నడిచే వీధిలో దారి తప్పినా, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నా, ఎప్పుడూ తేల్చే పాల లెక్క తేల్చలేకపోయినా వెంటనే డాక్టరుకు చూపించండి.

మన చేతిలో ఉన్నదీ కొంత ఉంది. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవారిపై జరిపిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. ఏడాదిపాటు వారానికి మూడు రోజులు చురుగ్గా నడిచినవారిలో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ భాగం 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే కసరత్తులతో సరిపెట్టుకున్నవారిలో తగ్గింది. కనుక నడవండి. రక్తపోటు, షుగరు అదుపులో ఉంచుకోండి. చెవులు మందగిస్తే అశ్రద్ధ చేయకండి.

ఇదంతా మా ఆవిడకు కూర్చోబెట్టి చెప్పాను. తాళాలు మళ్ళీ నా జేబులోకి వచ్చాయి. ఇప్పుడు రోగులకూ అలాగే కూర్చోబెట్టి చెబుతున్నాను. మీరూ ఫిల్మును చూసి కాదు, మనిషిని చూసి నిర్ణయించండి.