చిట్టిమల్లా, సివంగిడేగా?

పందెం జరిగి ఎనిమిది వందల ఏళ్ళు దాటింది. ఎవరు గెలిచారో పల్నాట్లో పసిపిల్లాడినడిగినా చెబుతాడు. అయినా మాచర్లలోనో గురజాలలోనో ఒక టీ కొట్టు ముందు నిలబడి, "చిట్టిమల్లు నిజంగానే ఓడిందంటారా?" అని ఒక్క మాట వదిలి చూడండి. చేతుల్లో టీ చల్లారిపోతుంది గానీ వాదన చల్లారదు.

కథ తెలియనివాళ్ళుంటే రెండు ముక్కల్లో చెబుతాను. పన్నెండో శతాబ్దం. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఇద్దరూ అనుగురాజు కొడుకులే, తల్లులు వేరు. అక్కడ మంత్రి నాయకురాలు నాగమ్మ, ఇక్కడ బ్రహ్మనాయుడు. ఇద్దరి మధ్య కోడిపందెం కుదిరింది. నాగమ్మ కోడి సివంగిడేగ, నాయుడి కోడి చిట్టిమల్లు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవాలన్నది ఒప్పందం. మొదట చిట్టిమల్లుదే పైచేయి అయిందనీ, చివరికి సివంగిడేగ పడగొట్టిందనీ కథ. మాచర్లవారు వలసపోయారు. గడువు తీరాక తమ భాగం అడగడానికి రాయబారం వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. ఆపైన కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం. బాలచంద్రుడితో సహా పల్నాటి పౌరుషమంతా ఆ ఒడ్డునే పడిపోయింది.

ఇక వాదన సంగతి. మాచర్లవైపు మనిషైతే ముందుగా అనే మాట, "నాగమ్మ మాయ చేసింది" అని. ఏం మాయ అనడగండి. ఒకరు మంత్రమంటారు, ఇంకొకరు మందంటారు. అవతలి బెంచీ మీద గురజాల మనిషి ఉంటే ఊరుకుంటాడా? "మొదట్లో గెలిచినప్పుడు మంత్రం గుర్తుకు రాలేదేం బాబాయ్? ఓడినాకే గుర్తొచ్చిందా?" అంటాడు. "అలిసిపోయిన కోడిని మళ్ళీ దింపమన్నదెవరు మరి?" అని ఇటునుంచి. "దింపినోడిదే తప్పు" అని అటునుంచి. ఇక్కడ నేను గురజాల పక్షమే మాట్లాడతాను. మగమంత్రి గెలిస్తే రాజనీతి, ఆడమంత్రి గెలిస్తే మాయోపాయం. ఇన్ని వందల ఏళ్ళుగా కథ ఇలాగే సాగుతోంది. సినిమాలో నాగమ్మ వేషానికి 1947లో కన్నాంబనీ, 1966లో భానుమతినీ తెచ్చుకున్నారంటే ఆ పాత్ర బలమేమిటో సినిమావాళ్ళకి తెలుసన్నమాట. టీ కొట్టు దగ్గరే ఇంకా తేలలేదు.

ఈలోగా కుక్కుట శాస్త్రం తెలిసిన పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకుంటాడు. ఆయన లేకపోతే పల్నాట్లో ఏ కోడి చర్చా నిండదు. ఏ వారం, ఏ తిథి, ఏ దిక్కు నుంచి వదిలారు, కాకి రంగు కోడి మీదికి డేగని వదిలారా, నెమలి రంగు కోడి మీదికి వదిలారా అని ఒక్కొక్కటే విప్పుతాడు. సివంగిడేగ అంటే రంగు పేరులోనే ఉంది. చిట్టిమల్లు రంగేమిటో చెప్పమంటాడు. ఎవరూ చెప్పలేరు. "రంగు తెలీకుండా గెలుపోటములేంది?" అని ఆయన లేచి వెళ్ళిపోతాడు. ఆయన ఉద్దేశంలో ఆ పందెం లెక్క ఇంకా తేలనే లేదు. ఇప్పటి చట్టాల ప్రకారమైతే, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కిందా, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కిందా నాయుడూ నాగమ్మా ఇద్దరూ స్టేషను మెట్లెక్కాల్సిందే. కోళ్ళు కూడా కోర్టుకి వెళ్ళేవి.

కోళ్ళ మాట అటుంచితే, పందేనికి ముందు నడిచే మాటల్ని వినాలంటే నరసరావుపేట వైపు ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు పెట్టిన రోజుల్లో రావాలి. పోటీ రోజున కాదు, ముందురోజు సాయంత్రం, జతల్ని కట్టేసిన చోటికి. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, సేద్యం, సీనియర్లు అంటూ విభాగాలుంటాయి. ఇచ్చిన నిమిషాల్లో బండని ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. ఫలానా జత ఎక్కడెక్కడ గెలిచిందీ, ఎన్ని అడుగులు లాగిందీ కుర్రాళ్ళు ఫోన్లలో వీడియోలు తీసి చూపిస్తూ వాదించుకుంటారు. కొమ్ములకి కట్టిన రంగు కుచ్చులూ, మెడలో మువ్వల పట్టెడా చూసే సగం మంది మనసు పారేసుకుంటారు.

అలాంటి చోట ఒక పెద్దాయన్ని గమనించాను. కుచ్చుల వంక కన్నెత్తి చూడలేదు. ముందు వంగి గిట్టల చీలిక చూశాడు. తర్వాత మెడ మీద కాడి పడే చోట బొటనవేలితో నొక్కి, చర్మం జలదరిస్తుందేమోనని చూశాడు. అక్కడే గొంతుక్కూర్చుని బీడీ కాల్చుకుంటూ చాలాసేపు ఊరకే ఉన్నాడు. దేనికా అనుకున్నాను. గిత్త పేడ వేసిందాకా ఆగాడు! అదీ చూసుకుని లేచి, "వలపటిది బానే ఉంది. దాపటిది నీళ్ళు సరిగ్గా తాగటంలా" అన్నాడు. "అయితే ఈ జత గెలవదా పెద్దాయనా?" అని కుర్రాడొకడు అడిగాడు. "రేపు చూద్దాం అబ్బాయ్" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. అప్పటిదాకా అరగంటపాటు గొంతు చించుకున్నవాళ్ళలో ఒక్కరికీ నీళ్ళ సంగతి తట్టలేదు.

అందుకే నాకొక నమ్మకం. ఎవరు గెలుస్తారన్న చర్చలో గట్టిగా మాట్లాడేవాడు తన ఊరి గురించి మాట్లాడుతున్నాడు, తన కులం గురించో తన కోరిక గురించో మాట్లాడుతున్నాడు. బరిలో దిగేవాళ్ళ గురించి మాట్లాడేవాడు చిన్నగా, అదీ తక్కువగా మాట్లాడతాడు.

మనకి బాక్సింగ్ మీద వాదన కొత్త. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ పుణ్యమా అని అదీ వచ్చింది. 2019లో ఒలింపిక్ క్వాలిఫయర్‌కి మేరీ కోమ్‌ని నేరుగా పంపిస్తారన్న మాట వినబడితే, నాకూ ట్రయల్ పెట్టండని నిఖత్ అప్పటి కేంద్ర క్రీడామంత్రి కిరణ్ రిజిజుకి లేఖ రాసింది. ఆ రోజుల్లో చర్చంతా ఎవరు గెలుస్తారని కాదు, ఈ పిల్లకి అడిగే హక్కుందా అని! ఆ డిసెంబరు 28న ట్రయల్లో మేరీ 9-1తో గెలిచింది. "చెప్పలా?" అన్నారు అందరూ. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో నిఖత్ ప్రపంచ విజేత అయింది. అప్పుడూ "చెప్పలా?" అన్నారు. ఆ అందరే.

ఇక 2024 ఆగస్టు 1, పారిస్ ఒలింపిక్స్. 50 కిలోల విభాగంలో ప్రీక్వార్టర్స్. మనవాళ్ళు పతకం ఏ రంగుదన్న దగ్గర్నుంచే మొదలుపెట్టారు. రెండుసార్లు ప్రపంచ విజేత అయిన నిఖత్‌కి సీడింగ్ లేదనీ, అందువల్ల రెండో బౌట్‌లోనే టాప్ సీడ్ ఎదురైందనీ, ఆ చైనా అమ్మాయి పేరు ఊ యూ అనీ ఎంతమంది పట్టించుకున్నారు? నిఖత్ 0-5తో ఓడింది. ఊ యూ ఆ పతకాల మెట్ల మీద పైమెట్టు దాకా వెళ్ళి స్వర్ణంతో దిగింది. నిఖత్ ఓటమికి ఏడ్చినవాళ్ళంతా ఆ ఒక్క విషయం తెలిస్తే కొంచెం తక్కువ ఏడ్చేవారు. దాపటి గిత్త నీళ్ళు తాగిందో లేదో చూడకపోవడమంటే ఇదే.

బాక్సింగ్ పండితుల వాదన మాత్రం గొప్పగా ఉంటుందనుకోకండి. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో మహమ్మద్ అలీ, జార్జ్ ఫోర్‌మన్ తలపడ్డప్పుడు అమెరికా పత్రికలవాళ్ళలో ఎక్కువమంది ఫోర్‌మన్ వైపే. అలీకి 32 ఏళ్ళు, ఫోర్‌మన్‌కి పాతిక. అలీని ఓడించిన ఫ్రేజియర్‌నీ నార్టన్‌నీ ఫోర్‌మన్ ఒక్కొక్కరిని రెండేసి రౌండ్లలో మట్టి కరిపించాడు. లెక్క ప్రకారం ఇంకేం కావాలి? అలీ తాళ్ళకి ఒరిగి, కొట్టనిచ్చి కొట్టనిచ్చి, ఫోర్‌మన్ చేతులు బరువెక్కాక ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. ముందు పైచేయి, తర్వాత అలుపు, చివర ఓటమి. చిట్టిమల్లు కథే. అలీ మంత్రం వేశాడని మాత్రం లోకం చెప్పుకోదు.

మాటల పందెం వరకూ నాకేం అభ్యంతరం లేదు. టీ డబ్బులు ఓడినవాడివి, అంతే. కానీ ఇప్పుడు పల్లెల్లో అది ఫోనుల్లోకి చేరింది. క్రికెట్ బంతి బంతికీ పందెం కాసి, అప్పుల పాలై, చేను తాకట్టు పెట్టి ఊరొదిలినవాళ్ళ కథలు మనకి కొత్త కాదు. ఆ వలస ఏడేళ్ళకి ముగుస్తుందన్న ఒప్పందం కూడా లేదు.

కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, ఇదీ వరస. మందపోరు నాడు, బ్రహ్మనాయుడు పెట్టించిన చాపకూటిని తలుచుకుంటూ కులాలకతీతంగా కలిసి భోంచేస్తారు. మర్నాడు కోడిపోరు. ఎవరు గెలుస్తారో తెలిసిన పందెమే, అయినా జనం విరగబడి చూస్తారు.

నా తీర్పు అడుగుతారా? సివంగిడేగే గెలిచింది, న్యాయంగానే గెలిచింది. అయితే చిట్టిమల్లు ఓడిపోలేదు. రాజ్యాన్ని కోడి కాలికి కట్టడానికి ఒప్పుకున్న రోజునే బ్రహ్మనాయుడు ఓడిపోయాడు. చాపకూడు పెట్టించిన మనిషి ఆ ఒక్క రోజు మంత్రిలా కాకుండా పందెంరాయుడిలా ఆలోచించాడు. ఈ మాట కారంపూడిలో అంటే నన్ను బతకనివ్వరు. మీకు ధైర్యముంటే ఈసారి తిరునాళ్ళకి వచ్చి, నాలుగో రోజు దాకా ఉండి, అక్కడే అని చూడండి.